పెద్ద జలాశయమునకు పెద్ద మరపడవ
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

కృష్ణానదిపై నిర్మించిన ఆనకట్టల వెనుక విశాలమైన జలాశయములు ఏర్పడినవి. ఒకప్పుడు ఏటిని దాటుటకు కొలది నిమిషములు చాలిన చోట, నేడు ఒడ్డునకు ఒడ్డునకు నడుమ కిలోమీటర్ల కొలది నీరు నిలిచియున్నది. శ్రీశైలము జలాశయము 885 అడుగుల పూర్తి మట్టమునకు నిండినపుడు 600 చదరపు కిలోమీటర్లకు మించి వ్యాపించును. నాగార్జునసాగరము 590 అడుగుల మట్టమున సుమారు 285 చదరపు కిలోమీటర్లు ఆక్రమించును. ఈ నీటి అంచున నివసించు గ్రామస్థులకు ఆవలి ఒడ్డున పొలములున్నవి, సంతలున్నవి, చుట్టములున్నారు, జాతరలున్నవి. రోడ్డు మార్గమున చుట్టి పోవలెనన్న దూరము; పడవ యెక్కిన దగ్గర. కావున ఇట్టి గ్రామములకు రేవే రాజమార్గము.

ఇంతవరకు పుట్టితోను, తెడ్డు పడవతోను, చిన్న ఇంజను బిగించిన నాటుపడవతోను కాలము గడిపిన గ్రామములు ఇప్పుడు పెద్ద మరపడవను సమకూర్చుకొనవలెనని తలచుట సహజము. ఇది మంచి ఆలోచనయే. అయితే పడవ పెద్దదైనంత మాత్రమున ప్రయాణము క్షేమకరము కాజాలదు. పడవతో పాటు దానిని నడుపు క్రమశిక్షణ కూడ పెరుగవలెను. అట్లు పెరుగనిచో, చిన్న పడవ పదిమందిని ముంచు చోట పెద్ద పడవ అరువది మందిని ముంచును.

ఒక జాతర ప్రయాణము

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 2007వ సంవత్సరము జనవరి మాసమున, శ్రీశైలము జలాశయపు నీటి ఒడ్డుననున్న నెహ్రూనగర్ గ్రామస్థులు ఆవలి ఒడ్డుననున్న సింగోటము జాతరకు బయలుదేరిరి. పండుగ దినములు, అందరును పోవలెనను ఆత్రము. పరిమితికి మించి జనము ఎక్కిన పడవ నడినీట మునిగి, అరువది మంది వరకు ప్రాణములు కోల్పోయిరి. వారిలో స్త్రీలు, పిల్లలు అనేకులు. ఒకే గ్రామమున ఇన్ని ఇండ్లలో ఒకే దినమున దీపము ఆరిపోయినది. ఆనాడు రేవున నిలిచి, "ఇక చాలు, మిగిలినవారు తరువాతి విడతకు రండు" అని చెప్పగల అధికారము గల మనిషి ఒకడుండినచో ఏమయ్యెడిదో ప్రతి పంచాయతీ సభ్యుడును ఆలోచింపవలెను.

చిన్న పడవ హెచ్చరించును, పెద్ద పడవ హెచ్చరింపదు

పడవ నీటిలో ఎంత లోతు దిగునన్నది దాని బరువును, నీటిమట్టమువద్ద దాని వైశాల్యమును బట్టి యుండును. ఒక ఘనపు మీటరు నీటి బరువు వెయ్యి కిలోలు. దీని నుండి సులభమైన లెక్క ఒకటి వచ్చును.

నీటిమట్టమువద్ద ఆరున్నర చదరపు మీటర్ల వైశాల్యము గల చిన్న పడవ ఉన్నదనుకొందము. దానిని ఒక సెంటీమీటరు దించుటకు 65 కిలోలు చాలును. అనగా చేతి మూటతో కూడ ఒక్క మనిషి ఎక్కిన ఒక సెంటీమీటరు దిగును. అదనముగ ఇరువది మంది ఎక్కజూచినచో అది ఇరువది సెంటీమీటర్లు దిగి, అంచు నీటికి తాకునట్లగును. జనము భయపడి తామే దిగిపోదురు.

ఇక ఇరువదియారు చదరపు మీటర్ల పెద్ద పడవను తీసికొందము. దానిని ఒక సెంటీమీటరు దించుటకు 260 కిలోలు, అనగా నలుగురు మనుష్యులు కావలెను. అదనముగ ఇరువది మంది ఎక్కినను అది అయిదు సెంటీమీటర్లే దిగును. చూచువారి కంటికి భేదమే తోపదు. "పెద్ద పడవ కదా, ఇంకను పదిమంది పట్టుదురు" అని అందరును అనుకొందురు. కాని ఆ ఇరువది మంది బరువు 1300 కిలోలు. అలకు పడవ కొంచెము ఒరిగినపుడు భయముచే వారందరు ఒక ప్రక్కకు జరిగినచో, ఆ బరువంతయు పడవను ఆ ప్రక్కకే త్రోయును. అంచు మునిగి నీరు లోనికి వచ్చుటకు అంతకు మించిన కారణము అక్కరలేదు. లోనికి వచ్చిన నీరు కూడ ఒరిగిన వైపునకే పరుగెత్తి ప్రమాదమును ఇనుమడింపజేయును.

కావున పెద్ద పడవకు కంటి అంచనా పనికిరాదు. పడవ ప్రక్కన, నిండు బరువుతో నీరు ఎంతవరకు రావచ్చునో ఆ మట్టమున రంగుతో గీత గీయింపవలెను. ఆ గీత మునిగినచో పడవ కదలరాదు. ఎక్కవలసిన మనుష్యుల సంఖ్యను కూడ చదువుకొనని వారికి సైతము తెలియునట్లు పెద్ద అంకెలతో పడవపైనను రేవువద్దను వ్రాయింపవలెను.

గాలియు అలయు

ఏటి నీటికిని జలాశయపు నీటికిని ముఖ్య భేదము అలలలో ఉన్నది. గాలి అడ్డు లేక ఎంత దూరము నీటిపై వీచునో అంత పెద్ద అల లేచును. ఇరుకైన ఏటిలో గాలికి అంత దూరము దొరకదు. విశాలమైన జలాశయమున ఒక ఒడ్డున నీరు ప్రశాంతముగ నున్నను, నడిమికి పోవుసరికి అలలు లేచియుండవచ్చును. గాలి వేగము రెండింతలైనపుడు అది పడవ ప్రక్కపై త్రోయు బలము నాలుగింతలగును. పైకప్పును, పై అంతస్తును గల పెద్ద పడవకు గాలి తగులు వైశాల్యము ఎక్కువ. కావున చిన్న పడవకంటె పెద్ద పడవయే ఒక్కొక్కప్పుడు గాలికి ఎక్కువగ లొంగును.

నీటిపై అక్కడక్కడ అలల తలలు తెల్లగ నురుగు కట్టుచున్నచో గాలి పెరుగుచున్నదని గుర్తు. ఎటు చూచినను నురుగే కనబడినచో ప్రయాణికులతో బయలుదేరరాదు. ఎండకాలమున సాయంకాలపు ఈదురుగాలులు క్షణములలో లేచును. వాతావరణ శాఖ హెచ్చరికను ప్రతి ఉదయమును రేవున పలకపై వ్రాయించుట కష్టమైన పని కాదు. నడినీట గాలి లేచినచో, పడవను అలలకు అడ్డముగ నిలుపక, వేగము తగ్గించి, ముందుభాగము అలలకు కొంచెము ఏటవాలుగ ఎదురుండునట్లు నడుపవలెను.

గోదావరి నేర్పిన రెండు పాఠములు

నదిలో జరిగినను జలాశయమునకు కూడ వర్తించు రెండు ప్రమాదములను ఇచట పేర్కొనవలసియున్నది. 2018 మే 15వ తేదీన, దేవీపట్నము మండలము మంటూరు సమీపమున గోదావరిలో ఒక లాంచీ గాలివానకు చిక్కి మునిగినది. వాన జల్లు లోనికి రాకుండ తలుపులు మూసియుండుటచే లోపలివారు పలువురు బయటపడలేకపోయిరి. వానలో తడిసిన మనిషి ఇల్లు చేరును. మూసిన గదిలో చిక్కిన మనిషి చేరడు. కావున నీటిపై ఉన్నంతసేపు తలుపులు తెరచియే యుండవలెను. దారికి అడ్డముగ మూటలు, మోటారు సైకిళ్లు పెట్టరాదు.

మరుసటి సంవత్సరము 2019 సెప్టెంబరు 15వ తేదీన, అదే మండలమున కచ్చులూరు వద్ద రెండంతస్తుల విహారపు పడవ వరద గోదావరిలో మునిగినది. అందున్న 77 మందిలో 26 మంది మాత్రమే బ్రతికి బయటపడిరి. పడవ చిన్నది కాదు, ఇంజను లేనిది కాదు. నది వరదలో ఉండగ బయలుదేరుటయే దానికి ముప్పైనది. బయలుదేరకుండుట కూడ పడవ నడుపుటలో ఒక భాగమేనని ఈ సంఘటన తెలుపుచున్నది.

లైఫ్ జాకెట్ల విషయమున ఒక మాట. జాకెట్లు మూలన గుట్టగ పడియున్న ప్రయోజనము లేదు. రేవు వదలక ముందే ప్రతి ఒక్కరును ధరించి ముడులు బిగించుకొనవలెను. పెద్దవారి జాకెటు పిల్లల తలమీదుగ జారిపోవును. కావున పిల్లలకు వారి కొలతలవి వేరుగ ఉంచవలెను.

నీటి అడుగున ఉన్నవి

జలాశయముల అడుగున పాత ఊళ్ల గోడలు, బండలు, చెట్ల మోళ్లు ఉన్నవి. కృష్ణా భవనాశి సంగమమున ఉన్న సంగమేశ్వరాలయము సంవత్సరమున ఎక్కువ కాలము నీట మునిగియుండి, వేసవిలో మట్టము తగ్గినపుడు బయటపడుట ఆ ప్రాంతమువారందరు ఎరిగినదే. పడవకు ఇది గొప్ప సూచన. వర్షాకాలమున నిరపాయముగ పోయిన దారియే వేసవిలో పడవ అడుగును చీల్చవచ్చును. పెద్ద పడవ నీటిలో ఎక్కువ లోతు దిగును. కావున చిన్న పడవ పోవు దారులన్నియు దానికి దారులు కావు. ఈ ప్రాంతపు బెస్తవారికి ఏ నెలలో ఏ బండ ఎచట తేలునో తెలియును. వారి సలహాతో దారిని నిర్ణయించి, ప్రమాద స్థలములందు తేలుడు గుర్తులు కట్టింపవలెను. రేవు కూడ పెద్ద పడవకు తగినంత లోతుగ నుండవలెను.

కొనుటకు ముందు, నడుపుటకు ముందు

పడవ వెల యొక్కటే ఖర్చు కాదు. లైఫ్ జాకెట్లు, లంగరు, మోకులు, నీరు తోడు పంపు, మంటలార్పు సాధనము, ఏటేట మరమ్మతు, బీమా ఇవన్నియు కలిపి లెక్కింపవలెను. వీటికి సొమ్ము మిగులనిచో, అంతకంటె చిన్న పడవను సర్వాంగములతో కొనుట మేలు.

చిన్న పడవ నడిపినవాడు పెద్ద పడవను వెంటనే నడుపగలడని తలపరాదు. బరువైన పడవ ఇంజను ఆపినను చాల దూరము ముందునకు సాగును, ఆలస్యముగ మలుగును. సరంగు మొదట ఖాళీ పడవతోను, తరువాత మనుష్యులకు బదులు ఇసుక బస్తాలు నింపిన పడవతోను అభ్యాసము చేసి, రేవున ఆపుట, గాలిలో మలుపుట నేర్చిన పిమ్మటనే ప్రయాణికులను ఎక్కింపవలెను. అతనికి అస్వస్థత కలిగినచో ఇంజను ఆపి పడవను ఒడ్డు చేర్చగల రెండవ మనిషి పడవలో ఉండవలెను. ఇంధనములో మూడవ వంతు పోవుటకు, మూడవ వంతు వచ్చుటకు, మూడవ వంతు ఆపదకు అని విభజించుకొనుట మంచి ఆచారము. పెట్రోలు ఇంజనైనచో దాని ఆవిరి గాలికంటె బరువు గనుక పడవ అడుగున చేరును. ఇంజను గది మూత తెరచి గాలి ఆడిన పిదపనే నడుపవలెను.

చట్టము, వేలము

1917 నాటి పాత చట్టమునకు బదులుగ 2021వ సంవత్సరమున పార్లమెంటు లోతట్టు జలమార్గ నౌకల చట్టమును చేసినది. దీని ప్రకారము ఇంజనుతో నడుచు పడవకు రిజిస్ట్రేషను, సర్వే ధ్రువపత్రము, బీమా, నడుపువారికి అర్హతా పత్రము అవసరము. సర్వే అనగా పడవ దృఢత్వమును, సాధనములను అధికారులు పరీక్షించుట. పడవ కొనుటకు ముందే ఈ పత్రములు లభించునో లేదో విచారింపవలెను. కొన్న తరువాత విచారించుట చేయి కాలిన పిదప ఆకులు పట్టుకొనుట వంటిది.

ఇక రేవు వేలము. ఎక్కువ పాట పాడినవానికి రేవు దక్కుట మన వాడుక. పాట సొమ్ము పెరిగినపుడు పంచాయతీ ఆదాయము పెరుగును, సంతోషమే. కాని ఆ సొమ్మును పాటదారుడు ఎచట రాబట్టుకొనును? విడతకు నలువది మందికి బదులు అరువది మందిని ఎక్కించియే. కావున జన పరిమితి, జాకెట్లు, గాలి వేళ పడవ ఆపుట అను షరతులను వేలమునకు ముందే చాటించి, ఒప్పందమున వ్రాయింపవలెను. షరతు తప్పినచో పాట రద్దగునని స్పష్టపరుపవలెను. కొంత తక్కువ సొమ్ము వచ్చినను నష్టము లేదు. ఆ తగ్గిన సొమ్ము ప్రజల ప్రాణములకు పంచాయతీ చెల్లించిన బీమా అనుకొనవలెను.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన రేవు పడవకు జన పరిమితి ఎంత? అది పడవపై వ్రాయబడియున్నదా?
2. జాతర దినమున తలలు లెక్కించి పడవను ఆపు బాధ్యత ఎవరిది? ఆ మనిషికి పంచాయతీ అండ ఉన్నదా?
3. జాకెట్లు ఎన్ని? పిల్లలవి ఎన్ని?
4. పడవ పత్రములు ఏ తేదీవరకు చెల్లును?
5. వేసవి మట్టమునకు వేరు దారి నిర్ణయింపబడినదా?

ఈ ప్రశ్నలకు సభలో సమాధానము దొరికిన గ్రామము పెద్ద పడవకు సిద్ధముగ నున్నది. దొరకని గ్రామము మొదట సమాధానములను, తరువాత పడవను సమకూర్చుకొనవలెను. రేవున నిలిచి ఆవలి ఒడ్డునకు చూచు తల్లికి పడవ ఎంత పెద్దదన్నది ముఖ్యము కాదు. సాయంకాలమునకు బిడ్డ తిరిగి వచ్చుటయే ముఖ్యము. పంచాయతీ ఆమె పక్షమున రేవున నిలువవలెను.