పొలములో వచ్చిన మార్పును కొలుచుట ఎట్లు?

ఫలానా మందు చల్లగా పైరు పచ్చబడినదనియు, ఫలానా ఎరువు వేసిన ఏడు ఎకరమునకు రెండు బస్తాలు హెచ్చినవనియు, నేలలో వెనుకటి సారము లేదనియు రైతులు చెప్పుకొనుచుందురు. ఈ మాటలలో కొన్ని నిజములు, కొన్ని భ్రమలు. మార్పు వచ్చినదని చెప్పుట తేలిక. ఎంత వచ్చినది, దేనివలన వచ్చినది అని చెప్పుటయే కష్టము. పైరుపచ్చలను, నేలను, నీటిని గూర్చి పరిశోధించు శాస్త్రజ్ఞులు ఈ కష్టముతో నూరేండ్లకు పైగా పెనగులాడి కొన్ని పద్ధతులు ఏర్పరచుకొనిరి. వానిలో ముఖ్యమైనవి రైతు తన పొలములో తానే చేసికొనదగినవి. వానిని తెలుపుటకే ఈ వ్యాసము.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పెదను. మా తండ్రిగారికి నాలుగెకరముల మాగాణి గలదు. నేను హైస్కూలులో చదువుచున్నప్పుడు ఒక వ్యాపారి వచ్చి, నేలకు బలమిచ్చు పొడి అని చెప్పి, రెండు సంచులు ఊరకే ఇచ్చి పోయినాడు. మా తండ్రిగారు దానిని ఇంటికి దగ్గరగా నున్న మడిలో చల్లిరి. ఆ యేడు ఆ మడిలో తక్కిన మడులకంటె ఎకరమునకు మూడు బస్తాల లెక్కన ఎక్కువ పండినది. మరుసటి యేడు అప్పు చేసి నాలుగెకరములకును ఆ పొడి కొనిరి. పంట ఎప్పటివలెనే వచ్చినది. అప్పు తీర్చుటకు పాడిగేదెను అమ్మవలసి వచ్చినది. గేదెను తోలుకొనిపోయిన నాటి సాయంత్రము మా నాయనమ్మ ఒక మాట అన్నది: “ఆ మడి నేను కాపురానికొచ్చిన కాణ్ణించీ అట్టాగే పండుద్దిరా. పైన గొడ్ల చావిడి ఉంది కదా.” వానకు చావిడిలోని పేడనీరు దిగువ మడిలోనికి పారుచుండెడిది. ఈ సంగతి ఆమెకు తెలియును. కాని ఆమెను అడిగినవారు లేరు.

మా తండ్రిగారు అబద్ధమాడలేదు. తూకములో పొరపాటు లేదు. మూడు బస్తాలు నిజముగానే ఎక్కువ వచ్చినవి. అయితే ఆ తేడా పొడి వేయుటకు ముందునుండియు ఉన్నది. ఒకే మడిలో వేసి, దానికి దూరముగా నున్న వేరొక మడితో పోల్చినచో, ఎరువు తేడా ఏదో నేల తేడా ఏదో విడదీయుటకు వీలులేదు.

ఒక పొలములోనే నేల ఎంత మారుచుండునో తెలిసికొనుటకు ఇంగ్లండు దేశములో ఒక చిత్రమైన పని చేసిరి. లండను నగరమునకు ఉత్తరమున రోథామ్‌స్టెడ్ అను ప్రసిద్ధ వ్యవసాయ పరిశోధనా కేంద్రము గలదు. అచ్చట మెర్సర్, హాల్ అను శాస్త్రజ్ఞులు చూచుటకు అంతటను ఒకే తీరుగా నున్న ఒక ఎకరము గోధుమచేనును ఎన్నుకొని, దానిని 500 చిన్న మడులుగా విభజించి, ఏ మడి పంట ఆ మడికి వేరుగా కోసి తూచిరి. 1911లో ఫలితములను ప్రకటించిరి. విత్తనము ఒకటే, ఎరువు ఒకటే, దున్నుట ఒకటే. అయినను ఒక మడిలో గింజలు 2.73 పౌనులు మాత్రమే వచ్చినవి. మరియొక మడిలో 5.16 పౌనులు వచ్చినవి. సగటు 3.95 పౌనులు. అనగా ఏ ఎరువును, ఏ మందును వేయకయే ఒక మూల పండినదానికి మరియొక మూల ఇంచుమించు రెట్టింపు పండినది! ఆ హెచ్చుగా పండిన మడిలో ఎవరైన ఒక పొడి చల్లి యుండినచో, దాని మహిమను ఊరంతయు చెప్పుకొనెడివారు.

ఈ చిక్కును విడదీసినవాడు రొనాల్డ్ ఫిషర్. ఈయన 1919లో రోథామ్‌స్టెడ్‌లో చేరిన గణితశాస్త్రజ్ఞుడు. ఈయన చెప్పిన సూత్రములే నేటికిని ప్రపంచమందంతటను వ్యవసాయ ప్రయోగములకు ఆధారముగా నున్నవి. వానిని మన పొలమునకు ఈ క్రింది విధముగ అన్వయించుకొనవచ్చును.

పొలములో నాలుగు చోట్లు ఎన్నుకొనవలెను. మెరక, పల్లము, తూము దగ్గర, చివరి భాగము, ఇట్లు నేల తీరు మారు చోట్లు అయినచో మంచిది. ప్రతి చోటను ప్రక్కప్రక్కన ఐదేసి సెంట్ల మడులు రెండు కొలిచి గట్లు వేయవలెను. జతలోని రెండు మడులును ఒకే నేల, ఒకే నీరు గలవై యుండవలెను. ఒక దానిలో క్రొత్త ఎరువు వేయవలెను. రెండవ దానిలో వేయరాదు. తక్కిన పనులన్నియు రెంటికిని ఒకే దినమున, ఒకే తీరుగా జరుగవలెను. దేనిలో వేయవలెనో రైతు నిర్ణయింపరాదు. రూపాయి బిళ్ళను ఎగురవేసి, బొమ్మ పడినచో కుడి మడిలోను, బొరుసు పడినచో ఎడమ మడిలోను వేయవలెను. ఇది పిల్లల ఆటవలె కనబడవచ్చును. కాని మన కన్ను మనకు తెలియకుండగనే బాగున్న మడివైపు పోవును. ఎరువు అమ్మువాని కన్ను తెలిసియే పోవును. బిళ్ళకు ఆ పక్షపాతము లేదు. ఎరువుతోబాటు నీరు ప్రక్క మడిలోనికి పారిపోకుండ గట్టు గట్టిగా నుండవలెను. కోతనాడు గట్టువెంబడి ఒక మూరెడు వెడల్పు విడిచి, లోపలి పంటనే రెండు మడులలోను సమానమైన కొలతకు కోసి తూచవలెను.

ఇక లెక్క. ఒక ఉదాహరణ చూతము. లెక్క సుళువుగా నుండుటకు ఐదు సెంట్లకు పూర్తిగా పంట తూచినట్లు అనుకొందము. ఎరువు వేసిన మడులలో ధాన్యము 131, 122, 140, 118 కిలోలు వచ్చినది. వేయని జత మడులలో వరుసగా 124, 125, 129, 116 కిలోలు వచ్చినది. తేడాలు: 7 ఎక్కువ, 3 తక్కువ, 11 ఎక్కువ, 2 ఎక్కువ. సగటున నాలుగుంబాతిక కిలోలు ఎక్కువ. ఎకరమునకు ఇరువది రెట్లు వేసినచో 85 కిలోలు, అనగా ఒక బస్తాకు మించినది. సంతోషింపవలసినదేనా? కాదు. తేడాలు మూడు తక్కువ నుండి పదునొకండు ఎక్కువ వరకు ఊగిసలాడుచున్నవి. సగటు నాలుగు, ఊగిసలాట పదునాలుగు. ఇట్టి సగటును నమ్మి అప్పు చేయరాదు. అట్లుగాక తేడాలు 8, 6, 9, 7 కిలోలుగా వచ్చినవనుకొందము. సగటు ఏడున్నర, ఊగిసలాట మూడే. ఎకరమునకు 150 కిలోలు, అనగా 75 కిలోల బస్తాలు రెండు. ఇది చాలవరకు నమ్మదగిన లెక్క. అప్పుడు ఆ రెండు బస్తాల ధరను ఎరువు ఖరీదుతోను, చల్లిన కూలితోను సరిచూచుకొనవలెను.

చాలవరకు అనుటకు కారణము గలదు. బిళ్ళను నాలుగుమార్లు ఎగురవేసినచో నాలుగుసార్లును బొమ్మయే పడుట పదునారింట ఒకసారి జరుగును. ఎరువులో ఏమియు లేకున్నను నాలుగు జతలలోను అదృష్టవశమున అదే పైచేయి అగుట అంత అరుదు కాదు. మరుసటి యేడు కూడ బిళ్ళ వేసి ఇదే ప్రయోగము చేసి, ఎనిమిది జతలలోను ఎరువే గెలిచినచో, అది వట్టి అదృష్టమగుటకు అవకాశము 256లో ఒకటి మాత్రమే. ఒక ఏడు వాన బాగుగ కురిసి, మరియొక ఏడు ఎండగట్టుట మనమెరిగినదే గనుక, రెండేండ్లు చూచుటవలన ఆ లాభమును గలదు.

ఇంతవరకు ఒక పంటలో కనబడు మార్పు. నేలలో వచ్చు మార్పులు ఇంత త్వరగా కనబడవు. వీనిని కొలుచుటకు రోథామ్‌స్టెడ్‌లోని బ్రాడ్‌బాల్క్ అను గోధుమ క్షేత్రమునకు సాటి లేదు. 1843లో జాన్ బెనెట్ లాస్ అను భూస్వామి, గిల్బర్ట్ అను రసాయన శాస్త్రజ్ఞుని తోడు చేసికొని దీనిని ప్రారంభించెను. లాస్ సూపర్ ఫాస్ఫేటును తయారుచేసి అమ్ముకొను వ్యాపారి. అయినను ఒక మడిలో ఏ ఎరువును వేయక విడిచిపెట్టెను. తన సరకును పరీక్షించుటకు సరకులేని మడి కావలెనని ఎరిగిన వ్యాపారి ఆయన. మన వ్యాపారులలో ఇట్టివారు అరుదు.

ఆ ఎరువులేని మడి నేటికిని హెక్టారుకు సుమారు ఒక టన్ను, అనగా ఎకరమునకు నాలుగు క్వింటాళ్ళ గోధుమలనే ఇచ్చుచున్నది. ప్రతి సంవత్సరము హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేసిన మడిలో నేలలోని సేంద్రియ కర్బనము రెండింతలకు మించి పెరిగినది. అయితే ఈ పెరుగుదల దశాబ్దముల పని. ఒక ఏటికి ఒక ఏటికి నడుమ తేడా ఎంత స్వల్పమనగా, మట్టి తీయుటలో వచ్చు పొరపాటే దానిని మించును. ఒక ఏడు పేడ ఎరువు తోలి, మరుసటి యేడు మట్టి పరీక్షలో కర్బనము పెరుగలేదని విసుగుకొను రైతులకు ఈ సంగతి చెప్పుచుందును.

బ్రాడ్‌బాల్క్ దిగుబడులను ఫిషర్ పరిశీలించి 1921లో ఒక వ్యాసము ప్రకటించెను. ఏటేటి వాతావరణమువలన వచ్చు ఒడుదుడుకులు, నేల సారము తగ్గుటవలన వచ్చు క్షీణత, ఇవి రెండును గాక నెమ్మదిగా హెచ్చి తగ్గు మూడవ మార్పు కూడ ఉన్నదని చూపెను. ఈ మూడవదానికి ముఖ్య కారణము కలుపు అని ఆయన అభిప్రాయము. ఎరువును కొలుచుచున్నామని అనుకొనుచుండగా, కలుపు తీయు చేతులు తగ్గుట కూడ ఆ లెక్కలో చేరుచుండెనన్నమాట.

లాస్, గిల్బర్టులు చేసిన మరియొక మంచిపని ఏమనగా, గింజలను, గడ్డిని, మట్టిని ఎండబెట్టి సీసాలలో దాచుట. నేడక్కడ మూడు లక్షలకు పైగా నమూనాలు గలవు. వానిని దాచిననాడు ఎవరును ఊహింపని ప్రశ్నలకు అవి నేడు జవాబు చెప్పుచున్నవి. గోధుమ ఆకులపై మచ్చలు కలిగించు శిలీంధ్రములు రెండు గలవు. పాత నమూనాలలో వాని డి.ఎన్.ఏ. జాడలను కొలిచి, ఏ కాలమున ఏది ప్రబలినదో 2005లో తేల్చిరి. బొగ్గు పొగవలన గాలిలో హెచ్చి తగ్గిన గంధక వాయువుతోబాటు ఈ రెండింటి పాళ్ళును మారుచు వచ్చినవి. గింజలను పరీక్షింపగా మరియొక సంగతి 2008లో బయటపడినది. 1845 నుండి 1960 దశాబ్ది మధ్యవరకు గోధుమగింజలోని జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియము స్థిరముగానే ఉండెను. 1968లో పొట్టి రకములు వచ్చిన తరువాత అవి తగ్గినవి. నేలలో మాత్రము తగ్గలేదు. నమూనాలే లేకున్న, నేల చెడినదని తేలికగా అనుకొని ఊరకుండెడివారము.

మన దేశములో ఇట్టి శాశ్వత ప్రయోగము కోయంబత్తూరులో 1909లో ప్రారంభమైనది. 1970లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి పలు రాష్ట్రములలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగములు నెలకొల్పినది. తెలంగాణములోని జగిత్యాలలో వరి తరువాత వరి పండించుచు ఇట్టి ప్రయోగము జరుగుచున్నది.

రైతు నూటయెనుబదియేండ్లు వేచియుండనక్కరలేదు. మూడేండ్లకొకసారి మట్టి పరీక్ష చేయించిన చాలును. కాని ప్రతిసారియు అదే నెలలో, అదే పంట కోసిన తరువాత, అదే లోతున తీయవలెను. పైమట్టి 15 సెంటీమీటర్లు చాలును. ఒకసారి 10 సెంటీమీటర్లు, మరియొకసారి 20 సెంటీమీటర్లు తీసినచో, నేల మారకున్నను లెక్క మారును. ఎకరములో పది పన్నెండు చోట్ల ‘వి’ ఆకారపు గుంట త్రవ్వి, ప్రక్క గోడనుండి సన్నని పలక తీసి, అన్నిటిని కలిపి, అరకిలో మిగులునట్లు చతుర్భాగములు చేసికొనవలెను. గట్లను, పెంటకుప్పలను, చెట్లనీడను, చావిడి దిగువను విడువవలెను. బావిలో నీటిమట్టమును కూడ ఇట్లే ఒరమీద గుర్తు పెట్టి, అక్కడనుండియే ఏటేట వేసవి చివరను, వానల తరువాతను కొలిచి వ్రాసికొనవలెను.

ప్రయోగశాలకు పంపిన మట్టిలో కొంత ఇంటివద్దకూడ ఉంచుకొనుడు. నీడను ఆరబెట్టి, జల్లించి, మూత గట్టిగా పట్టు సీసాలో పోసి, సర్వే నంబరు, లోతు, తేదీ, అంతకుముందు వేసిన పంట ఒక చీటిపై వ్రాసి లోపల ఒకటి, వెలుపల ఒకటి ఉంచవలెను. పెన్సిలుతోనే వ్రాయవలెను. సిరా చెమ్మకు అలుకుకొనిపోవును.