పిండినల్లికి విషం తొలి మందు కాదు

మందారపు లేత కొమ్మలమీద దూది అంటించినట్లు తెల్లని ముద్దలు కనబడగానే బెంగళూరు అపార్టుమెంట్లలో ముందుగా వినబడే మాట ‘మందు కొట్టించండి’ అన్నదే. ఆ ఆదుర్దా అకారణం కాదు. పిండినల్లి రసం పీల్చి చిగురును ముడుచుకుపోయేలా చేస్తుంది. అది విసర్జించే తీపి జిగురుమీద నల్లని మసి పెరిగి ఆకును కప్పివేస్తుంది. అయితే ఈ పురుగు ఒంటిమీద మైనపు పూత ఉన్నందున, పైపైన చల్లిన మందు చాలావరకు జారిపోతుంది. పిండినల్లి మిగులుతుంది, దానిని తినే పురుగులు చస్తాయి.

ఇందుకు పొరుగు రాష్ట్రమే సాక్ష్యం. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి బయటపడింది. అది బొప్పాయితో ఆగక మల్బరీకి, కర్రపెండలానికి, మందారానికి పాకింది. రైతులు మందుమీద మందు కొట్టినా ఫలితం అంతంతమాత్రమే. 2010లో బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ కీటక పరిశోధన సంస్థ ప్యూర్టోరికో నుంచి మూడు జాతుల బదనికలను తెప్పించింది. వాటిలో అసెరోఫేగస్ పపాయే అనేది కంటికి ఆనీ ఆనని చిన్న కందిరీగ. అది పిండినల్లి దేహంలో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు లోపలినుంచి తింటూ పెరిగి బయటికి వస్తుంది. విడిచిపెట్టిన తోటల్లో కొద్ది నెలలకే తెగులు అణగింది. విషం చల్లుతూ ఉంటే ఆ కందిరీగ బతికేదే కాదు.

మిత్రుణ్ణి శత్రువనుకోవడం ఇంటి తోటల్లోనూ జరుగుతుంది. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగుకు పిండినల్లే ఆహారం. చిత్రమేమంటే, దాని పిల్ల కూడా తెల్లని పోగులతో పిండినల్లిలాగే కనబడుతుంది. అది పరిమాణంలో పెద్దది, చురుకుగా పాకుతుంది. పిండినల్లులు గుంపుగా అంటుకొని కదలక ఉంటాయి. నలిపివేసేముందు ఈ తేడా చూడాలి.

చీమల బారు ఉంటే ముందు దానిని ఆపాలి. తీపి జిగురుకోసం చీమలు పిండినల్లిని కాపాడతాయి. బాగా పట్టిన కొమ్మలను కత్తిరించి సంచిలో కట్టివేసి, మిగిలిన వాటిని నీటి ధారతో కడగాలి. ఆ తరువాతే వేపనూనె (కన్నడ దుకాణంలో ‘బేవిన ఎణ్ణె’ అని అడగాలి). 5 మిల్లీలీటర్ల నూనెలో కొద్దిగా ద్రవసబ్బు కలిపి, లీటరు నీటిలో బాగా గిలకొట్టి, సాయంవేళ ఆకుల అడుగుభాగం తడిసేలా చల్లాలి. మొదట రెండు ఆకులపై చల్లి, మాడలేదని మరునాడు చూసుకోవడం మంచిది. వారం పది రోజులకు మళ్లీ చల్లవలసి ఉంటుంది. ఒక్కరోజులో ఫలితం ఆశించరాదు. మిగిలినది వేపనూనే కదా అని వాననీటి కాలువలో పోయరాదు. చేపలకు అదీ హానికరమే.

తోటపని గుత్తేదారుతో ఒప్పందం చేసుకునే నివాస సంఘాలు ‘నెలకొకసారి మందు’ అనే షరతును కొట్టివేయడం మేలు. పురుగు లేనప్పుడు చల్లే మందుకు డబ్బు దండుగ. వీపున డబ్బా మోసే కూలీకి రోగం అదనం. విషం తప్పనిసరి అయిన సందర్భంలో డబ్బామీది త్రికోణపు రంగు చూడాలి: ఎరుపు అత్యంత విషపూరితం, తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తున్నా అది విషమే. చేతితొడుగులు, ముఖానికి మాస్కు ఇవ్వవలసింది పని చేయించుకునేవారే. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై చల్లడం దేశంలో నిషిద్ధం. మిద్దెమీది వంగ, బెండ మొక్కలకూ ఆ నిషేధం వర్తిస్తుంది.

కడియం నర్సరీలనుంచి వచ్చినా, వీధి చివర కొన్నా, కొత్త మొక్కను రెండు వారాలు విడిగా ఉంచాలి. ఆకు వెనుక, కణుపుల సందుల్లో, కుండీ అంచు కింద వెతకాలి. పిండినల్లి ఎక్కువగా దాగేది అక్కడే.