కొలువు వేటలో టెక్ పెద్దలకు జాగ్రత్తలు: చేయవలసినవి – చేయకూడనివి

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకోనున్నట్టు ప్రకటించింది. వేటు ఎక్కువగా మధ్య, సీనియర్ స్థాయుల మీదేనని కూడా చెప్పింది. పదిహేను ఇరవై ఏళ్లు టీములు నడిపిన మేనేజర్లు, ఆర్కిటెక్టులు ఇలా ఖాళీ అయినప్పుడు, నగరంలో అద్దె దండగని అమలాపురంలో అమ్మానాన్నల దగ్గరకు చేరి ఇక్కడి నుంచే వెతుక్కోవడం తెలివైన పనే. కానీ పెద్ద పదవులు తక్కువ. వెతుకులాట నెలల తరబడి సాగుతుంది. ఆ నెలల్లో పొంచి ఉండే ప్రమాదాలు రెండు: పనితనం మొద్దుబారడం, తొందరపడి మోసపోవడం. మొదటిదే రెండోదానికి దారి. రోజూ ఏదో ఒకటి నేర్చుకుంటూ, నేర్పుతూ ఉన్నవారు ఆఫర్ లెటర్‌ను నిదానంగా చదువుతారు. ఊరికే కూర్చున్నవారు మొదటి ఫోన్‌కే తలూపుతారు.

చేయవలసినవి

1. కాగితాలు ముందే సర్దుకోండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఫారం 16, పే స్లిప్పులు సొంత మెయిల్‌లో ఉండాలి. పీఎఫ్ ఖాతాలో మీరు మానేసిన తేదీ సరిగ్గా నమోదైందో లేదో చూసుకోండి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే ముగుస్తుంది. దాన్ని సొంత పాలసీగా మార్చుకునే వీలుందేమో ఆఖరి రోజుకు ముందే హెచ్‌ఆర్‌ను అడగండి. అమ్మానాన్నలు ఆ బీమాలో ఉంటే ఇది మరీ ముఖ్యం.

2. పొద్దుటి పూట చదువుకే కేటాయించండి. జాబ్ పోర్టళ్లు ఆ తర్వాతే. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు, కేంద్ర ప్రభుత్వ స్వయం కోర్సులు ఉచితంగానే వినొచ్చు. అయితే ఏళ్లకేళ్లు స్టేటస్ కాల్స్‌లో గడిపినవారికి వినడం ఒక్కటే చాలదు, చేత్తో చేయాలి. అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరి ధరలు రోజూ మారుతుంటాయి. వాటిని సేకరించి, రైతు తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పే చిన్న అప్లికేషన్ కట్టి చూడండి. డేటా శుభ్రం చేయడం, ఏఐ మోడల్ తప్పులు పట్టుకోవడం, క్లౌడ్ బిల్లు అదుపులో పెట్టడం అన్నీ అందులోనే వస్తాయి. ఇంటర్వ్యూలో మొన్న మీరేం చేశారో చెప్పగలుగుతారు.

3. నేర్పండి. ఓడలరేవు బీవీసీ లాంటి దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీలకు వెళ్లి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకు సలహాలిస్తానని అడగండి. 2025 ఆగస్టులో అమరావతి కేంద్రంగా మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు రాజమహేంద్రవరంలోనూ శాఖ ఉంది. కొత్త స్టార్టప్‌లతో పరిచయాలకు మనకు దగ్గరి చోటు అదే.

4. ఇంటర్వ్యూకి రెండో దారి ఉంచుకోండి. 2022 మే నెలలో మన కోనసీమ జిల్లాలో ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు సిగ్నల్ కోసం ఊళ్లు దాటి వెళ్లాల్సి వచ్చింది. వేరే నెట్‌వర్క్ సిమ్, చార్జింగ్ నిండిన ఇన్వర్టర్ సిద్ధంగా పెట్టుకోండి.

5. పిలిచినవారెవరో తేల్చుకోండి. మెయిల్ చిరునామాలో @ గుర్తు తర్వాతి భాగాన్ని అక్షరం అక్షరం చదవండి. పెద్ద కంపెనీ పేరు పక్కన ఒక గీత, ‘హెచ్‌ఆర్’, ‘కెరీర్స్’ లాంటి తోకలుంటే అనుమానించండి. ఆ ఉద్యోగం కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసి, అక్కడున్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు.

6. కోడింగ్ టెస్టును విడిగా ఉన్న వర్చువల్ మెషీన్‌లోనే తెరవండి. “ఈ ప్రాజెక్టు డౌన్‌లోడ్ చేసి రన్ చేయండి, అరగంటలో కాల్” అంటూ లింకు వస్తుంది. రన్ చేసిన మరుక్షణం బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు అవతలివాడికి చేరిపోవచ్చు. 2022లో యాక్సీ ఇన్ఫినిటీ ఆట తయారుచేసిన కంపెనీలో ఒక సీనియర్ ఇంజినీరు దొంగ ఆఫర్ పీడీఎఫ్ తెరవడంతోనే హ్యాకర్లు చొరబడ్డారని వార్తలొచ్చాయి. పోయింది 60 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో కరెన్సీ.

7. ఇంట్లో నిజం చెప్పండి. “ఏవండీ, ఇంకా సెలవేనా?” అని ఊళ్లో నల్ల వంతెన దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నకు భయపడి గడప దాటకపోవడం ఆరోగ్యానికి చేటు. సాయంత్రం నడవండి, నలుగురిలో కలవండి. నిద్ర పట్టక, దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చేయకూడనివి

1. ఉద్యోగం కోసం డబ్బు కట్టకండి. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, ‘తిరిగిచ్చే’ లాప్‌టాప్ డిపాజిట్ – పేరేదైనా ఒకటే.

2. ఆఫర్ ఖాయం కాకముందే ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు పంపకండి. తప్పనిసరైతే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

3. పాత కంపెనీ కోడ్, క్లయింటు పత్రాలు పట్టుకురాకండి. వాటిని ఇంటర్వ్యూలో చూపడం, సొంత గిట్‌హబ్‌లో పెట్టడం, ఏఐ చాట్‌బాట్‌లోకి ఎక్కించడం కేసుల దాకా పోతుంది.

4. ప్రాక్సీ ఇంటర్వ్యూల జోలికి పోకండి. మీ బదులు ఇంకొకరు కూర్చోవడమే కాదు, డబ్బుకు ఆశపడి మీరు ఇంకొకరి బదులు కూర్చోవడమూ మోసమే. ఖాళీ నెలలను కప్పిపుచ్చడానికి అనుభవం తేదీలు దిద్దొద్దు. పీఎఫ్ రికార్డు ఇట్టే పట్టిస్తుంది.

5. టూరిస్టు వీసా మీద విదేశీ కొలువుకు వెళ్లకండి. ఐటీ తెలిసిన యువతను థాయ్‌లాండ్‌లో ఉద్యోగాలని ఆశపెట్టి మయన్మార్‌కు తరలిస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ పని అని చెప్పి మనవాళ్లను కంబోడియాకు చేర్చి, సైబర్ నేరాలు చేయించిన ముఠా గుట్టు 2024 మేలో విశాఖ పోలీసులు రట్టు చేశారు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి.

6. పీఎఫ్ తీసి, అప్పు చేసి లక్షల ఫీజుల ‘లీడర్‌షిప్’ కోర్సుల్లో, వాట్సాప్ ట్రేడింగ్ గ్రూపుల్లో పోయకండి. సర్టిఫికెట్‌తో పెద్ద ఉద్యోగం రాదు, ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తుంది.

పొరపాటున మోసపోతే

సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. చాట్లు, మెయిళ్లు, రసీదులు చెరిపేయొద్దు, సాక్ష్యం అవే. కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు.

ఆఫర్ ఎంత పెద్దదైనా ఒక రాత్రి గడవనిచ్చి, మర్నాడు తెలిసినవారికి చూపించాకే సంతకం పెట్టండి. నిజమైన కంపెనీ ఒక్క రోజు ఆగుతుంది. ఆగనన్నది కంపెనీ కాదు.