సరుగుడు కర్ర - కాగితం మిల్లు : ఒక వ్యాపార పాఠం

వార్షికోత్సవ సంచికకి కథో కవితో కాకుండా చదువుకి పనికొచ్చే పాఠం ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. మేము ఎంబీఏ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది మేమే మొదలు. మా పుస్తకాల్లో ‘స్ట్రాటజీ’ అన్న పాఠం వచ్చినప్పుడల్లా ఉదాహరణలన్నీ అమెరికా కార్ల కంపెనీలవే. మన కళ్లముందున్న ఉదాహరణ వేరే ఉంది. పూసపాటిరేగ, భోగాపురం, రణస్థలం వైపు హైవే మీద సరుగుడు కర్ర నింపుకొని పోయే లారీలను చూడనివారు మన హాస్టల్లో ఉండరు. ఆ కర్ర ఎక్కడికి పోతుంది? ఎందుకు పోతుంది?

మన జిల్లాలకి రెండు పక్కలా రెండు పెద్ద మిల్లులున్నాయి. దక్షిణాన రాజమండ్రి మిల్లు. 1964లో కంపెనీగా ఏర్పడింది. 2011లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ పేపర్ కొన్నది. 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ చేతికొచ్చింది. 2020 నుంచి పేరు ఆంధ్రా పేపర్ లిమిటెడ్. ఉత్తరాన పార్వతీపురం దాటి రైల్లో పోతే ఒడిశాలోని రాయగడ. అక్కడ జేకేపూర్‌లో 1962 నుంచి నడుస్తున్నది జేకే పేపర్ మిల్లు. యజమానులు మారినా, రాష్ట్రం వేరైనా కర్ర కావలసిందే.

ఎంత కర్ర అన్నది తెలియాలంటే పని ఎలా జరుగుతుందో తెలియాలి. తొక్క తీసిన కర్రను ముక్కలు చేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన నీళ్లలో 160 - 170 డిగ్రీల వేడిలో పెద్ద కుక్కర్లలో ఉడికిస్తారు. కర్రలో పోగుల్ని అంటిపెట్టుకొని ఉండే లిగ్నిన్ అనే జిగురు కరిగిపోయి, పోగు మిగులుతుంది. అదే గుజ్జు. ఎండు కర్ర బరువులో సగం కూడా గుజ్జుగా రాదు. మిగిలినది నల్లటి ద్రవం. దాన్ని పారబోస్తే నది పాడవుతుంది, మిల్లూ దివాలా తీస్తుంది. అందుకని చిక్కబరచి బాయిలర్లో కాలుస్తారు. ఆవిరీ, కరెంటూ వస్తాయి, వాడిన రసాయనాల్లో చాలా భాగం తిరిగొస్తుంది. ఈ బాయిలర్‌కే కోట్లు పెట్టాలి. అంత పెట్టుబడి పెట్టాక మిల్లు రాత్రీపగలూ నడవాలి. ఒక్కరోజు ఆగినా వడ్డీ ఆగదు. కాబట్టి కాగితం వ్యాపారంలో మొదటి ప్రశ్న కాగితం ఎవరు కొంటారన్నది కాదు, రేపటి కర్ర ఎక్కడిదన్నది.

మొదట్లో ఆ కర్ర అడవి నుంచి, ముఖ్యంగా వెదురుగా వచ్చేది. 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలు అడవి మీద ఆధారపడకుండా రైతులతో నేరుగా సంబంధం పెట్టుకొని ముడిసరుకు పెంచుకోవాలని చెప్పింది. బ్రెజిల్‌లో అయితే కంపెనీలే లక్షల హెక్టార్లలో సొంతంగా నీలగిరి పెంచుకుంటాయి. మన దగ్గర 1973 భూపరిమితి చట్టం ఉంది, ఏ కంపెనీ అయినా అంత భూమి పోగుచేయలేదు. మా ఉద్దేశంలో ఈ చట్టమే మన కాగితం మిల్లుల స్ట్రాటజీని రాసింది. భూమి రైతుది, మొక్క కంపెనీది, కర్ర మిల్లుకి. ఇసుక నేలల్లోనూ బతికే సరుగుడు, మెట్టలకి జామాయిల్ క్లోన్లు అలా మన ఊళ్లకి వచ్చాయి. సరుగుడు వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, అందుకే పేద నేలలోనూ ఎదుగుతుంది.

మిల్లుకి ఇది బాగానే కుదిరింది. భూమి కొననక్కరలేదు, కాపలా అక్కరలేదు. రైతు సంగతి వేరు. సరుగుడు కోతకి రావడానికి సుమారు నాలుగేళ్లు పడుతుంది. ఈ ఏడాది ధర బాగుందని అందరూ నాటితే నాలుగేళ్ల తర్వాత అందరి కర్రా ఒకేసారి వస్తుంది, ధర పడుతుంది. విసిగి మానేస్తే మరో నాలుగేళ్లకి కర్ర కరువు, మళ్లీ ధర. ఎకనామిక్స్‌లో దీన్ని కాబ్‌వెబ్ అంటారు. పుస్తకంలో పందుల ఉదాహరణ ఇస్తారు గానీ మన సరుగుడు దానికంటే బాగా సరిపోతుంది. దీనికి తోడు తుఫాన్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి తోటలు నేలకొరిగాయి. పడ్డ కర్ర ఎండిన కొద్దీ బరువు తగ్గుతుంది, అమ్మేది టన్నుల లెక్కన. ఆగి బేరమాడే వీలుండదు. వేబ్రిడ్జి దాకా పోలేని చిన్న రైతు తోటని గంపగుత్తగా దళారీకి ఇచ్చేస్తాడు.

అయినా మిల్లు లేకపోతే? తెలంగాణలో కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లు చూడండి. ఊరి పేరులోనే కాగితం ఉంది. 2014లో ఉత్పత్తి ఆగింది, 2018లో జేకే పేపర్ తీసుకునేదాకా ఊరే ఎదురుచూసింది. కొనేవాడు ఒక్కడైతే ఎంత ప్రమాదమో, ఇద్దరు ముగ్గురుంటే రైతుకి ఎంత బలమో అక్కడే తెలుస్తుంది. మన కర్రకి రెండు మిల్లులు, పైగా సెంటరింగ్ పనికి పొడుగు కర్రలు కొనేవాళ్లు ఉండటం చిన్న విషయం కాదు.

ఇక భూమి లేనివాళ్ల లెక్క. మన హాస్టల్లో సగంమందిమి ఆ ఇళ్ల నుంచే వచ్చాం. వరికి ఊడుపు, కలుపు, కోత, నూర్పు అని ఏటా పని ఉంటుంది. సరుగుడుకి నాటిన ఏడాది కొంత, కోసేటప్పుడు కొంత. మధ్యలో తోట దానంతటదే పెరుగుతుంది. ఆ మధ్య ఏళ్లలో మనవాళ్లు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో కూలికి పోతారు. వలసకి సరుగుడొక్కటే కారణమని మేము అనడం లేదు, నీళ్లు లేని మెట్టలో వేరే పంటా పండదు. కానీ కంపెనీల నివేదికల్లో ఎన్ని ఎకరాలు, ఎంతమంది రైతులు అని ఉంటుంది. మేము చదివినంతలో ఎన్ని కూలి రోజులు పెరిగాయో, తగ్గాయో ఎక్కడా కనబడలేదు.

ఎంకామ్, ఎంబీఏ ప్రాజెక్టుకి అంశం వెతుక్కుంటున్న తమ్ముళ్లు ఈ లెక్క తియ్యొచ్చు. ఒక ఊరు, వరి వేసే పది ఇళ్లు, సరుగుడు వేసే పది ఇళ్లు, కూలికి పోయే ఇరవై ఇళ్లు. నాలుగేళ్ల పనిదినాలు అడిగి రాసుకోవాలి. ప్రశ్నల పట్టిక తయారుచేయడానికి సెలవుల్లో మేము హాస్టల్‌కి వస్తాం.