చేతి బొమ్మల కథలు

ఒక్కరే కథ కూర్చి, బొమ్మలు గీసి, కాగితములు మడచి చేసిన చిన్న పుస్తకములు నేడు నగరములలోని బొమ్మలకథల ప్రదర్శనలయందు అమ్మబడుచున్నవి. బొమ్మలతో కథ చెప్పుట మన సీమకు క్రొత్త గాదు. పెనుకొండలో విజయనగర కోశాధికారియైన విరూపణ్ణ 16వ శతాబ్దమున హిందూపురము చెంత లేపాక్షి ఆలయమును కట్టించెనని ప్రసిద్ధి. అందలి మండపపు కప్పుపై కిరాతార్జునీయ కథ వరుస ఘట్టములుగా చిత్రింపబడినది.

ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబములు నేటికిని కలవు. వారిలో దళవాయి చలపతిరావుగారు 2020లో పద్మశ్రీ పొందిరి. అయినను ఆట చూచువారు తగ్గుటచే పలువురు తోలుతో దీపపు తొడుగులు చేసి జీవించుచున్నారు. చూచువారు లేనిచో బొమ్మ మూగవోవును.

బాలలారా! ఒక కాగితమును మూడుమారులు మడచి విప్పినచో ఎనిమిది గడులగును. అందు మీ యూరి కథను గీసి, తోడివారికి చూపుడు.