పూత మీద వాలిన ఈగను చూశాకే మందు డబ్బా తీయండి

సంక్రాంతి వెళ్లింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు వైపు తోటల్లో బంగినపల్లి, రసాలు పూత మీదున్నాయి. ఈ రోజుల్లో ఏ రైతు కలిసినా అడిగేది ఒకటే: ఏ మందు కొట్టమంటారు? మందు సంగతి చెబుతాను. దానికి ముందు రేపు పొద్దున మంచు విడిచి ఎండ పొడ తగిలే వేళకు, ఏదో ఒక చెట్టు కింద పది నిమిషాలు కదలకుండా నిలబడి, కంటికి ఎదురుగా ఉన్న ఒక్క పూత రెమ్మనే చూడండి.

ఆ రెమ్మలో వందలాది పూలుంటాయి, ఒక్కోసారి వెయ్యి దాటతాయి. అందులో చాలావరకు మగ పూలే. మధ్యలో ఆవగింజంత గుండ్రటి అండాశయం కనిపించే పూలు మాత్రమే పిందె కట్టగలవు. ఒక్కో పువ్వులో పుప్పొడి ఇచ్చే కేసరం మామూలుగా ఒక్కటే ఉంటుంది. ఆ కాస్త పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకు మోసేది ఎక్కువగా ఈగలు. నీలాకుపచ్చగా మెరిసే ఈగ, గాలిలో నిలబడినట్టు ఎగిరే పసుపు చారల ఈగ, వాటితోపాటు చిన్న తేనెటీగలు. మామిడి పువ్వులో తేనె లోతుగా ఉండదు, పైపైనే ఉంటుంది. అందుకే పొట్టి నోటి ఈగకూ అందుతుంది.

ఒక తోటలో ఇది చూపిస్తుంటే పెద్దాయన ఒకరు, "అదేంటి అబ్బాయ్, ఈగలు ముసిరితే పూత కుళ్లదా?" అన్నారు. కుళ్లదు తాతా, అవి రాకపోతేనే పిందె నిలవదు. తైవాన్‌లో మామిడి రైతులు పూత వేళకు ఈగలను కావాలని పెంచుకుంటారు. మనం అంత చేయనక్కర్లేదు. తోట చివర పెంటపోగు ఉంటే పూత అయ్యేవరకు దాన్ని అలాగే ఉంచండి, చాలు.

అదే రెమ్మను ఇప్పుడు మెల్లగా తట్టండి. ఆకుల మీద చినుకులు పడ్డట్టు టపటపమని చప్పుడైతే అది తేనెమంచు పురుగు. పూత లేని కాలమంతా బెరడు పగుళ్లలో, ఎండ చొరని గుబురు కొమ్మల్లో దాగి, మొగ్గ పగలగానే పైకి వస్తుంది. పూమొగ్గల్లో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు రసం పీల్చి, మిగిలిన తీపిని బంకలా విసర్జిస్తాయి. కింది ఆకులు నూనె పూసినట్టు మెరిసేది అందుకే. ఆ తీపి మీదే మసి మంగు పెరుగుతుంది. ఈ బూజు ఆకు లోపలికి దిగదు, పైన పరుచుకుని ఎండ తగలనివ్వదు, అంతే. కాబట్టి మసికి విడిగా ఖర్చు పెట్టకండి, ముందు పురుగును అదుపు చేయండి. పలచని గంజి కాచి, చల్లార్చి, వడగట్టి చల్లితే ఎండాక మసి పెచ్చులుగా ఊడి వస్తుంది.

పురుగును ఎవరూ పట్టడం లేదనుకోకండి. సాలీళ్లు రెమ్మ రెమ్మకూ కాపలా ఉన్నాయి. పురుగు గుడ్లలోనే తమ గుడ్లు పెట్టే సన్నటి కందిరీగలున్నాయి. పూత విచ్చుకున్న రోజున ఘాటు మందు కొడితే తేనెమంచు పురుగు కొంత చస్తుంది, ఈగలూ సాలీళ్లూ కందిరీగలూ దాదాపు అన్నీ పోతాయి. మిగిలిన పురుగును తినే ప్రాణి ఉండదు, వెనకే పిండినల్లి, తామర పురుగు విజృంభిస్తాయి. ఏటా ఒక పిచికారీ అదనంగా పెరగడానికి ముఖ్య కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

అందుకని మొగ్గ దశలోనే చూసుకోండి. తెల్ల తువ్వాలు కింద పరిచి రెమ్మ దులిపితే ఎన్ని పురుగులున్నాయో లెక్క తెలుస్తుంది. రెమ్మకు అయిదుకు మించి పడుతుంటే, పూలు విచ్చుకోకముందే వేపనూనె (1500 పి.పి.ఎం.) లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున కొట్టండి. మొగ్గ మీద బూడిద తెగులు కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఈ రెండూ ఒకే ట్యాంకులో కలపొద్దు, పూత కమిలిపోతుంది. పూత పూర్తిగా విచ్చాక స్ప్రేయరు పక్కన పెట్టండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ చూద్దాం. ఉధృతి మరీ ఎక్కువై వేరే మందు తప్పదనుకుంటే, పురుగున్న రెమ్మ తీసుకుని నూజివీడు మామిడి పరిశోధనా స్థానానికి వెళ్లి చూపించి అడగండి.

ఎర్రచీమల సంగతి కూడా చెప్పాలి. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఈ చీమలను కోతకాలంలో అందరూ తిట్టుకుంటారు. చైనాలో నారింజ రైతులు దాదాపు 1,700 ఏళ్ల కిందటే ఇలాంటి చీమల గూళ్లు కొని చెట్లకు కట్టుకునేవారు. ఇవి చాలా పురుగులను ఈడ్చుకుపోతాయి. కానీ తీపి బంక కోసం పిండినల్లిని కాపాడేదీ ఇవే. పిండినల్లి లేని చెట్టు మీద గూడును ఉండనివ్వండి, పిండినల్లి పట్టిన చెట్టు మీద తీసేయండి.

ముదురు తోటలున్నవాళ్లు ఈ నెలలోనే, మామిడి కొమ్మల మీద మొలిచి వాటి రసం పీల్చి బతికే బదనిక మొక్కను కూడా చూసుకోవాలి. దాని పండు తిన్న చిన్న పిట్ట, ముక్కుకు, వెనక అంటుకున్న జిగట గింజను పక్క కొమ్మకు రుద్దుతుంది, అక్కడే కొత్త బదనిక మొలుస్తుంది. పిట్ట మీద కోపం వద్దు. పండు మాగకముందే, బదనిక అంటుకున్న చోటికి జానెడు దిగువన కొమ్మ కోసి, కోసిన చోట బోర్డో పేస్టు పూయండి.