నీ తుపాకీ ఇంట్లో పెట్టి వెళ్ళు

కెర్‌విల్, టెక్సస్
ఆగస్టు నెల

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

నువ్వడిగిన వాటికి ఫోన్లోనే జవాబు చెప్పొచ్చు. కానీ ఫోన్లో నువ్వు వినేది సగం, అందులో మరిచిపోయేది సగం. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మనవరాలికి పదకొండో ఏడు వచ్చిందనీ, ఈసారైనా జింకవేటకు తీసుకెళ్ళమని నీ ప్రాణం తోడేస్తోందనీ అన్నావు. సంతోషం. నువ్వు పంపిన సామాన్ల జాబితా చూస్తే మాత్రం నవ్వొచ్చింది. కొత్త స్కోపు, కొత్త బైనాక్యులర్లు, నీ కొలతకి బూట్లు! వేటకి వెళ్తున్నది పిల్లా, నువ్వా?

అసలు మాట ముందే చెప్పేస్తాను. జింకకు కనిపించకుండా దాక్కుని కూర్చునే బ్లైండ్‌లో మనుషులు ఇద్దరు, తుపాకీ ఒక్కటే ఉండాలి. అది పిల్లది. నీ రైఫిల్ ఇంట్లో తాళం వేసి వెళ్ళు. నీ చేతిలో కూడా తుపాకీ ఉంటే, పెద్ద కొమ్ముల మగజింక బయటికి రాగానే నీ కళ్ళు దాని మీదికి పోతాయి, పిల్ల మీద ఉండవు. నీ సంగతి నాకు తెలియనిదా! ఆ రోజంతా నువ్వు చూడాల్సింది మూడే: ఆమె వేలు ఎక్కడుంది, తుపాకీ మూతి ఎటుంది, జింక వెనక ఏముంది.

వీటన్నిటికంటే ముందు అమ్మాయినీ అల్లుడుగారినీ కూర్చోబెట్టి అడుగు. అల్లుడుగారికి తుపాకులంటే పడదన్నావు. ఆయన్ని వాదించి గెలవాలని చూడకు. తుపాకీ ఏ బీరువాలో ఉంటుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, తూటాలు వేరే ఎక్కడ పెడతావు, ఇవన్నీ ఆయన కళ్ళారా చూడనీ. అప్పటికీ వద్దంటే ఈ ఏడు మానేయండి. జింకలెక్కడికీ పోవు.

వాళ్ళు సరేనంటే హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులో చేర్పించు. టెక్సస్‌లో తొమ్మిదేళ్ళు నిండిన పిల్లలకు ఆ సర్టిఫికెట్ ఇస్తారు. లైసెన్సున్న పెద్దవాళ్ళు తోడుంటే ఈ వయసులో అది లేకుండానే వెళ్ళొచ్చు గానీ, ఆ దారి పట్టకు. 1971 సెప్టెంబరు 2కి ముందు పుట్టినవాడివి కాబట్టి చట్టం నిన్ను క్లాసు అడగదు. అయినా పిల్ల పక్కన కూర్చుని విను. తాతయ్య కూడా నోట్సు రాసుకుంటున్నాడంటే పిల్లలకు అదో గౌరవం. కొత్త లైసెన్సులు ఆగస్టు 15 నుంచి అమ్ముతారు, పిల్లలది ఏడు డాలర్లే. కాగితం లైసెన్సే తీసుకో. అందులో ఉండే, కొట్టిన జింకకు కట్టాల్సిన ట్యాగు ఆమె చేత్తో చింపాలి.

ఇక రైఫిల్. నీ .30-06 ఆమెకు ఇవ్వనే ఇవ్వకు. ఒక్కసారి భుజం అదిరిందంటే, తర్వాత ట్రిగ్గర్ నొక్కేముందే కళ్ళు మూసుకుంటుంది. ఆ అలవాటు పోగొట్టడం మహాకష్టం. సెప్టెంబరంతా .22తో కాల్పించు, ఆ తర్వాత .243. మన జింకలకి అది చాలు. పెద్దవాళ్ళ రైఫిల్ వెనక కట్ట పదమూడున్నర అంగుళాలు ఉంటుంది, ఆమెకు పన్నెండు దాటితే మెడ సాచాల్సి వస్తుంది. చెవులకి లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ పెట్టు. ఆ మోత 140 డెసిబెల్స్ పైనే ఉంటుంది, ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. ఇన్నేళ్ళు డాక్టరుగా చేసినవాణ్ణి చెబుతున్నాను, ఈ ఒక్క విషయంలో బేరం లేదు. తూటాలు రాగివి కొను. సీసపు తూటా ఎముకకు తగిలితే తుక్కుతుక్కై, కంటికి ఆనని ముక్కలుగా మాంసంలో చాలా దూరం చెదిరిపోతుంది. ఎక్స్‌రే తీస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ మాంసం తినేది పిల్లలు కదా. తూటా మార్చాక స్కోపు మళ్ళీ సరిచూసుకోవాలని నీకు వేరే చెప్పక్కర్లేదు.

రేంజిలో బల్ల మీద ఆనించి కాల్చిన గుండ్లు లెక్కలోకి రావు. బ్లైండ్‌లో ఎలా కూర్చుంటుందో అలాగే, అదే కుర్చీ, అదే ఆనుడు కర్ర పెట్టి కాల్పించు. ఆరంగుళాల పేపరు ప్లేటుకి వరసగా అయిదు తగిలేది ఎంత దూరంలోనో, ఆమె హద్దు అంతే. డెబ్భై అయిదు గజాలైతే డెబ్భై అయిదే. ఎనభైలో జింక నిలబడితే చూసి ఆనందించండి.

ఎక్కడ కాల్చాలో నేర్పడానికి తూటా అక్కర్లేదు. మా వీధిలో సాయంత్రమైతే జింకలు వచ్చి పచ్చిక మేస్తుంటాయి. ఇక్కడికి వచ్చినప్పుడు కారు ఆపి చూపిస్తూ అడుగు: "ఇప్పుడు కాల్చొచ్చా?" జింక అడ్డంగా నిలబడితే ముందుకాలి వెనక అంచు వెంట చూపు పైకి పోనివ్వాలి, కింది నుంచి ఒళ్ళు మూడోవంతు వచ్చేచోట ఆగాలి. గుండె, ఊపిరితిత్తులు ఉండేది అక్కడే. మనవైపు తిరిగి ఉంటే వద్దు. వెనక ఇంకో జింక ఉంటే వద్దు. గుట్ట అంచున ఆకాశానికి ఎదురుగా నిలబడితే అసలే వద్దు, తూటా ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. పదిసార్లు అడిగితే ఎనిమిదిసార్లు "వద్దు తాతయ్యా" అనాలి. అలా అనడం వచ్చిన రోజున పిల్ల సిద్ధమైనట్టు.

అక్టోబరు చివర్లో పిల్లలకని ప్రత్యేకంగా ఒక వారాంతం ఇస్తారు. పెద్దల హడావుడి ఉండదు, అప్పుడే రండి. మొదటిది ఆడజింక అయితే మేలు. వేటాడే కౌంటీ నియమం మాత్రం చూసుకో. కొమ్ముల పిచ్చి ఇప్పుడే అంటించకు. మేత చల్లే ఫీడర్ యంత్రం మొక్కజొన్న చల్లగానే ముందు వచ్చేది తరచూ ఒంటరి జింక. కొమ్ముల్లేవు కదా, ఆడదే అనుకుని తొందరపడతారు. అది ఆ ఏడు పుట్టిన మగ జింకపిల్ల కావచ్చు. బైనాక్యులర్లతో నడినెత్తి చూడమను. ఆడదానికి చెవుల మధ్య గుండ్రంగా ఉంటుంది, మగపిల్లకు చదునుగా, మొలక బొడిపెలతో ఉంటుంది. పెద్ద ఆడజింక ఒళ్ళు పొడుగ్గా సాగి ఉంటుంది, జింకపిల్లది చదరంగా, ముట్టె పొట్టిగా. నాలుగైదు చేరేదాకా ఆగితే పోల్చుకోవడం తేలిక. ఆ ఆగడమే పిల్లలకు కష్టం. తినడానికి ఏవైనా పెట్టుకో, చప్పుడు కాని సంచిలో. చిప్స్ ప్యాకెట్టు పొరపాటున కూడా వద్దు. నిద్రొస్తే పడుకోనీ.

కాల్చాక వెంటనే పరుగెత్తొద్దు. జింక నిలబడ్డ చోటు పక్కన ఒక చెట్టునో రాయినో గుర్తు పెట్టుకోమను. అరగంట కూర్చోండి. తర్వాత ఆ చోటికెళ్ళి నేల చూడండి. నురగతో గులాబీరంగు నెత్తురుంటే ఊపిరితిత్తికి తగిలినట్టు, ఎంతో దూరం పోయుండదు. పడిన జింక దగ్గరికి వీపు వైపు నుంచి వెళ్ళాలి, పొడుగాటి కర్రతో కన్ను ముట్టి చూడాలి. రెప్ప కదలకపోతే అయిపోయినట్టు. అప్పుడు పిల్ల ఏడుస్తుందేమో. ఏడవనీ. "బ్రేవ్ గర్ల్" అంటూ భుజం తట్టి ఫోటో తీయకు. ఏడవకపోయినా తప్పేం లేదు.

ట్యాగు వెంటనే కట్టాలి, నెల, తేదీ కత్తితో కోయాలి. పొట్ట కోసే పని నీది, కాలు పట్టుకునే పని ఆమెది. చాలనుకుంటే మధ్యలో వెళ్ళిపోవచ్చని ముందే చెప్పు. ఇక్కడ అక్టోబరులో కూడా ఎండ మండుతుంది, మాంసాన్ని ఎంత త్వరగా నాలుగు డిగ్రీల సెల్సియస్ లోపుకు తెస్తే అంత మంచిది. ఐస్ పెట్టె నీళ్ళ రంధ్రం తెరిచి ఉంచు. ఇంకొకటి, జింకలకు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని ఒక జబ్బుంది. టెక్సస్‌లో 2012లో మొదటిసారి దొరికింది. మనుషులకు సోకినట్టు రుజువు లేదు గానీ, పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దని సీడీసీ చెబుతోంది. శాంపిల్ ఇచ్చి ఫలితం వచ్చేదాకా ఫ్రీజర్లో పెట్టు.

మరదలు "చంటిదాని చేత పాపం చేయిస్తారా" అందన్నావు. ఆదివారం కోడికూర వండే చెయ్యే కదా అని ఎకసెక్కం చేయకు. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే. రేపు పిల్ల కూడా అడుగుతుంది: హైదరాబాదులో జింక తెలంగాణ రాష్ట్ర జంతువు అన్నారు, దాన్ని చంపితే జైలన్నారు, ఇక్కడెలా సరే తాతయ్యా అని. ఉన్నది ఉన్నట్టు చెప్పు. అక్కడ అడవి తరిగి, జంతువులు తరిగి 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం తెచ్చుకున్నాం, అది అక్కడ అవసరం. ఇక్కడా వంద, నూట పాతికేళ్ళ కిందట విచ్చలవిడిగా కాల్చి తెల్లతోక జింకల్ని దాదాపు తుడిచిపెట్టారు. తర్వాత సీజన్లు, లైసెన్సులు పెట్టారు. తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే పన్ను 1937 చట్టం కింద ప్రధానంగా వన్యప్రాణుల కోసం ఖర్చవుతుంది. తోడేళ్ళు పోయాయి. గాయాల్లో గుడ్లు పెట్టి జింకపిల్లల్ని చంపే స్క్రూవర్మ్ ఈగను 1960లలో అదుపు చేశారు. ఇప్పుడీ రాష్ట్రంలో జింకలు యాభై లక్షలకు పైనే. ఎక్కువైన చోట అడవి మోడువారి అవే ఆకలికి చస్తాయి. ఇదంతా విన్నాక కూడా పిల్ల "నాకొద్దు" అంటే, సరే అను. కెమెరా ఇవ్వు.

మన చుక్కల జింకే ఇక్కడ యాక్సిస్ అన్న పేరుతో ర్యాంచ్‌లలో తిరుగుతోంది, 1932లో తెచ్చి వదిలారు. నీలిగాయి ఉంది, కృష్ణజింకా ఉంది. డబ్బు కడితే ఏడాది పొడుగునా వేటే, సీజనూ అక్కర్లేదు. ఎవరో నీకు ఆ ప్యాకేజీ అంటగట్టబోతున్నారని విన్నాను. పెద్ద కంచె లోపల, ధరపట్టిక చూసి ఎంచుకునేది మొదటి వేట కాకూడదని నా పట్టుదల. నాది చాదస్తమే అనుకో.

వేటకని మేం లీజుకు తీసుకున్న స్థలంలో ఆ వారాంతం బ్లైండ్ ఒకటి మీకోసం అట్టేపెడతాను. మోచెయ్యి మడిచి, మడత నుంచి చూపుడువేలు మొదటి కణుపు దాకా పిల్ల చెయ్యి కొలిచి అంగుళాల్లో పంపు. దాన్నిబట్టి ఇక్కడ నా దగ్గరున్న చిన్న రైఫిల్ కట్ట కోయించాలి, ఆ పనివాడు సెప్టెంబరు వస్తే దొరకడు.

అన్నయ్య